చెక్క అలవాటు పడే దాకా

జూన్ 3, మంగళవారం

కళ్ళజోళ్ళ కంపెనీవాళ్ళు ఏటా ఒక డైరీ ఇస్తారు. ఏటా అది షాపులో ఊగిపోయే స్టూలు కాలి కింద సర్దడానికే పనికొచ్చింది. ఈసారి రాస్తున్నాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. అక్కకు చెబితే సాయంత్రానికి లోకమంతా తెలుస్తుంది. అందుకని ఇందులో.

చెక్క వచ్చేసింది.

మధ్యాహ్నం వ్యాను వచ్చిందని ఫోన్ రాగానే షాపు అలాగే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. కళ్ళ పరీక్షకు వచ్చిన ఒక పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి, కింది వరుస అక్షరాలు చదువుతూ ఉండమని చెప్పి వచ్చేశానని సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది. తిరిగి వచ్చేసరికి ఆయన అక్షరాలన్నీ బట్టీ పట్టేశాడు. ఇక ఆయనకు ఏ అద్దం పెట్టినా బాగానే కనిపిస్తుంది.

మోసేవాళ్ళు అట్టపెట్టెలను హాల్లో గోడ వారగా పేర్చారు. ఒక్కోటి నా అంత పొడవు, నాకంటే బరువు. ఒక పెట్టె మూల కొంచెం చింపి లోపలికి ముక్కు పెట్టాను. పాలు తక్కువేసిన టీ రంగు. వాసన ఎలా రాయాలో తెలియదు, కొత్త పెన్సిలు చెక్కినప్పటి వాసనకు పెద్దన్న లాంటిది. నేను మరీ నవ్వుతూ తిరుగుతున్నానేమో, మోసినవాళ్ళలో ఒకతను "ఇంట్లో పెళ్ళా సార్?" అన్నాడు. అయిపోయింది, మూడు నెలలైంది అన్నాను. ఎవరిదని అడిగాడు. నాదేనన్నాను. నా తలలోని తెల్ల వెంట్రుకల వైపు ఒకసారి చూసి, ఇంకో పెట్టె ఎత్తాడు.

టీచరు గారు సాయంత్రం బళ్ళో వేసవి క్లాసులు ముగించుకుని వచ్చింది. (భార్యను టీచరు గారు అని రాసుకోవడమేమిటని నాకే అనిపిస్తోంది. అక్క మొదటిసారి "లెక్కల టీచరు గారు" అని పరిచయం చేసింది. అదే నోట్లో ఉండిపోయింది.)

"ఇవేంటండీ?"

"నేల."

"నేలా?"

"చెక్క నేల. ఈ టైల్సు మీద వేస్తారు. మీరు అప్పుడు అన్నారు కదా."

అన్నదే ఆవిడకు గుర్తు లేదు. నేను చెప్పాను. మేం రెండోసారి కలిసినప్పుడు, చిన్నప్పుడు ఉన్న ఇంట్లో చెక్క నేల ఉండేదని, దాని మీద ఒట్టి కాళ్ళతో నడవడం ఎంతో బాగుండేదని అంది. ఆ రోజు చాలా మాట్లాడింది, అందులో నాకు ఇదొక్కటే గుర్తు. మిగతా సేపంతా ఆవిడ కళ్ళజోడు ఎడమ వైపు వంగి ఉందని చూస్తున్నాను.

పెట్టె మూల వేలు పెట్టి తాకింది. "నాకోసం మీ ఇల్లు ఇంతగా మార్చుకోకండి" అంది.

"మీ ఇష్టమండీ. రంగు నచ్చకపోతే మార్పిస్తాను."

"రంగు బాగుంది" అని లోపలికి వెళ్ళింది, ఇంట్లో వేసుకునే చెప్పులు టపటపలాడించుకుంటూ.

బాగుంది అంది. నచ్చిందన్నమాట.

జూన్ 4, బుధవారం

పొద్దున్నే లేచి ఒకసారి తాకి చూశాను. ఉంది.

జూన్ 5, గురువారం

వడ్రంగి ఫోన్ చేశాడు. చెక్కను తెచ్చిన వెంటనే వేయకూడదట. ఇంటికి అలవాటు పడాలట. ఒక వారమో పది రోజులో మన గాలి పీలిస్తే ఎంత ఉబ్బాలో, ఎంత కుంచించుకోవాలో అది తేల్చుకుంటుంది. అప్పుడు వేస్తే ఇక కదలదు. తొందరపడితే పలకల మధ్య సందులు పడతాయి, లేదంటే లేచి కూర్చుంటాయి. తేమ చూసే మీటరు ఒకటి షాపుకు పంపించాడు. దానికి ముందు రెండు సూదులుంటాయి, చెక్కకు గుచ్చితే అంకె చూపిస్తుంది.

సాయంత్రం తలుపుకు గుచ్చాను, కుర్చీకి గుచ్చాను, కూరగాయలు తరిగే చెక్కకు గుచ్చాను. టీచరు గారు పేపర్లు దిద్దుతూ కళ్ళజోడు పైనుంచి చూస్తోంది. "నాకు కూడా గుచ్చి చూస్తారా?" అంది. నవ్వింది కూడా. మూడు నెలల్లో ఆవిడ నా మీద వేసిన మొదటి జోకు ఇది. తేదీతో సహా రాసి పెట్టుకుంటున్నాను.

తేమ చెక్కకు శత్రువు. ఈ మాత్రం ఎవరికైనా తెలుసు. అందుకని రోజంతా ఏసీ వేసే ఉంచాను, ఎప్పుడూ మూసే ఉండే కిటికీలను ఇంకా గట్టిగా బిగించాను. తడి బట్టలన్నీ డాబా మీదికే. అన్నం కుక్కరు వెనక వరండాలోకి మార్చాను. మా హాలు ఇప్పుడు మందుల షాపు ఫ్రిజ్‌లా ఉంది.

జూన్ 7, శనివారం

అక్క ఫోన్ చేసింది. "అమ్మాయి పెట్టెలు విప్పిందా?" అని అడిగింది. ప్రతి శనివారం అడుగుతుంది. లేదన్నాను.

"ఒరేయ్, నువ్వు ఇంటికి పెళ్ళాన్ని తెచ్చుకున్నావా, చుట్టాన్ని తెచ్చుకున్నావా?"

తొందరేముంది అన్నాను. ఆవిడ పెట్టెలు పక్క గదిలో, వచ్చిన రోజున పెట్టిన చోటే, వేసిన టేపు వేసినట్టే ఉన్నాయి. ఎప్పుడు విప్పాలో అది ఆవిడ ఇష్టం. నేను ఒక్క మాట అనలేదు, అనను కూడా. అటువైపు వెళ్ళినప్పుడు కంట పడతాయి, అంతే.

ఇంకో సంగతి. అది పెద్దగా లెక్కలోకి రాదు కానీ రాస్తున్నాను. ఆవిడ తాళాల గుత్తిలో పాత అద్దె గది తాళం ఇంకా ఉంది. పెళ్ళయ్యాక కూడా ఆ గది వదల్లేదు. అందులో వాళ్ళ అమ్మ కుట్టుమిషను ఒక్కటే ఉందని, దాని కాలికి ఒక చక్రం ఊడిపోయిందని, లాగితే నేల గీసుకుపోతుందని, మీ టైల్సు పాడవుతాయని అప్పట్లో చెప్పింది. మీ టైల్సు అంది. ఈ రోజు భోజనాల దగ్గర ఆ సంగతి తనే ఎత్తింది.

"ఆ ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసిందండీ. గది ఉంచుకుంటానో వదులుతానో ఇరవై రెండో తారీకు ఆదివారానికి చెప్పమంటోంది. వేరేవాళ్ళు అడుగుతున్నారట."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "మీ ఇష్టమండీ" అన్నాను.

ఆవిడ నా వైపు కాసేపు చూసింది. తర్వాత మంచినీళ్ళు తాగింది.

సరైన మాటే చెప్పాను. బలవంతం చేసే మనిషిని కాదు నేను. చెక్క బ్రహ్మాండంగా ఎండుతోంది.

జూన్ 9, సోమవారం

ఈ రోజు ఎన్ని పేజీలు రాసినా చాలవు.

పొద్దున వస్తానన్న వడ్రంగి మధ్యాహ్నం దాటాక వచ్చాడు. బడికి సెలవు కావడంతో టీచరు గారు ఇంట్లోనే ఉంది. ఆ మనిషి ఆలస్యంగా వస్తాడు కానీ అతని మాటలు ముందే వచ్చేస్తాయి. తను వేసిన నేల మీద ఏనుగు నడిచినా కిర్రుమనదట. ఎవరింట్లో ఏనుగు నడిచిందో మాత్రం చెప్పలేదు. పెట్టెలు చూసి నుదురు కొట్టుకున్నాడు.

"ఇంకా విప్పలేదా సార్? మూసిన పెట్టెలో ఉంటే ఇంటికి అలవాటెలా పడుతుంది?"

టీచరు గారు తలుపు దగ్గర నిలబడి వింటోంది. నా చూపు దానంతట అదే పక్క గది వైపు పోయింది. లాక్కున్నాను.

పెట్టెలు విప్పి, వరసకీ వరసకీ మధ్య సమానమైన మందం ఉన్న పుల్లలు పెట్టి, నాలుగు వైపులా గాలి ఆడేలా పలకలు పేర్చాలట. ఏవో పుల్లలు తనే తెస్తానని మొన్న ఫోన్లో అన్నాడు కదా అని గుర్తు చేశాను. "అవునా?" అని జేబులు తడుముకున్నాడు, గదినిండా పెట్టాల్సిన పుల్లలు జేబులో ఉంటాయన్నట్టు. రేపు పంపిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో నాకు తెలుసు.

టీచరు గారు పెట్టెకు అంటించిన కాగితం చదువుతోంది. నేను చెక్క వచ్చిన రోజే చదివాను, అంటే చదవడం మొదలుపెట్టాను.

"నేల వేయబోయే గదిలో, ఆ ఇంట్లో మామూలుగా ఉండే వాతావరణంలో చెక్కను ఉంచవలెను" అని పైకి చదివింది. "మామూలుగా అంటోంది. మామూలుగా మీ ఇంట్లో రోజంతా ఏసీ ఉంటుందా?"

"ఉండదు. నాకు ఏసీ పడదు, తుమ్ములొస్తాయి."

"నాకూ పడదు. మెడ పట్టేసి నాలుగు రోజులైంది. మీకు ఇష్టమేమోనని ఊరుకున్నాను."

"నేను చెక్కకు ఇష్టమేమోనని వేశాను."

"మరి కిటికీలు? నేను వచ్చిన దగ్గర్నుంచీ మూసే ఉంటున్నాయి."

"మీకు దుమ్ము పడదేమోనని."

"కిటికీ మూస్తే నాకు ఊపిరాడదండీ." కాగితం మీద వేలు అలాగే ఉంచి నా వైపు చూసింది. "అయితే ఈ ఇంట్లో మామూలు అంటే ఏంటి?"

ఇద్దరికీ తెలియదు. జవాబు రాని పిల్లల్లా ఒకరి మొహం ఒకరం చూస్తూ నిలబడ్డాం. ముందు ఆవిడకు నవ్వొచ్చింది. తర్వాత నాకు తుమ్ము వచ్చింది. నేనే వెళ్ళి ఏసీ కట్టేశాను.

పుల్లల సంగతి మిగిలింది. ఆవిడ కొంచెంసేపు ఆలోచించి పక్క గదిలోకి వెళ్ళింది. లోపల్నుంచి టేపు చింపుతున్న చప్పుడు. షాపులో రోజూ ఎన్నో పార్సిళ్ళ టేపు చింపుతాను. ఆ చప్పుడు ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

పెట్టె లాక్కుంటూ వచ్చింది. దాని నిండా స్కేళ్ళు. చెక్క స్కేళ్ళు, ఒక్కోటి అడుగు పొడవు. క్లాసులో కత్తియుద్ధం చేసుకుంటుంటే ఇన్నేళ్ళుగా లాక్కున్నవట. ఏడాది చివర్లో వచ్చి తీసుకెళ్ళమంటే ఎవరూ వచ్చేవాళ్ళు కాదట. పారేయబుద్ధి కాలేదంది. అన్నీ ఒకే మందం. వడ్రంగి తెస్తానన్న పుల్లలు ఇంత బాగుండవని చెక్క మీద ఒట్టేసి చెప్పగలను.

ఒక స్కేలు నిండా పళ్ళ గాట్లు. "వీడు నమిలేవాడు" అంది. ఇంకోటి తీసి, "ఇది లాక్కుంటే రెండు రోజులు ఏడ్చాడు. ఇప్పుడు ఇళ్ళు కట్టిస్తున్నాడు. పక్కవాళ్ళ స్థలంలోకి జరిగి గోడ కట్టాడని గొడవలో ఉన్నాడట."

"స్కేలు మీ దగ్గర ఉండిపోయింది కదా పాపం" అన్నాను. నవ్వలేక గోడకు ఆనుకుంది.

చీకటి పడేలోగా పెట్టెలన్నీ విప్పి పేర్చాం. ఆవిడ గొంతు మారిపోయింది. "చివరలు కలవాలి. అది వంకర, మళ్ళీ పెట్టండి. నన్ను కాదు, చెక్కను చూడండి." ఇంత వరకు ఈ ఇంట్లో ఆవిడ నాకు ఒక్క పని చెప్పలేదు. ఈ రోజు చెమటలు కక్కేలా చేయించింది. నా సంతోషం చెప్పలేను.

తన పెట్టెల్లో ఒకటే విప్పింది. మిగతావి అలాగే ఉన్నాయి. ఉండనీ.

జూన్ 10, మంగళవారం

"నేను రాకముందు మీరెలా ఉండేవాళ్ళో అలా ఉండండి" అంది పొద్దున్నే. "చెక్క కోసం."

"మరి మీరు?"

"నేనూ అంతే. చెక్క కోసమే."

సరే అని స్నానం చేస్తూ పాడాను. మూడు నెలల్నుంచి నోరు కుట్టేసుకున్నాను, బాత్రూమ్ గోడలే ఉలిక్కిపడి ఉంటాయి. బయటికి వచ్చాక అది ఏ పాటని అడిగింది. ఏదని చెప్పను, అన్నీ కొంచెం కొంచెం కలుస్తాయి.

ఆవిడ కిటికీలన్నీ తెరిచేసింది. బళ్ళో అరిచి అరిచి గొంతు పోతుందట, సాయంత్రం గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, నెత్తిన తువ్వాలు కప్పుకుని హాలు మధ్యలో కూర్చుని ఆవిరి పట్టింది. ఇన్నాళ్ళూ ఈ పని బళ్ళోనే, స్టాఫ్ రూములో చేసుకుని వచ్చేదట. దిద్దాల్సిన పేపర్లు సోఫా మీద, నా కుర్చీ మీద, టీవీ మీద కూడా. నేను చేపలు వేయించాను. ఆవిడకు వాసన పడదేమోనని మానేశాను ఇన్నాళ్ళూ. దగ్గింది, దగ్గుతూనే రెండు ముక్కలు ఎక్కువ తింది.

ఇంట్లో నడవడానికి చోటు లేదు. మధ్యలో చెక్క గుట్ట, చుట్టూ మేము.

జూన్ 12, గురువారం

మీటరులో అంకె నెమ్మదిగా పెరుగుతోంది. పెరగాలట. ఇంటి తలుపు చూపించే అంకెకు దగ్గరగా వచ్చి ఆగాలట. ఇది కూడా ఆ కాగితంలోనే ఉంది. రోజూ ఇద్దరం కలిసి గుచ్చుతున్నాం. ఆవిడ బోర్డు మీద వేసినట్టు ఒక అట్ట మీద గ్రాఫు వేసింది. గ్రాఫు చూస్తే నాకు చిన్నప్పుడు జ్వరం వచ్చేది. ఇప్పుడు పొద్దున లేవగానే దాని దగ్గరికే పోతున్నాను.

ఆవిడ చెప్పులు మాత్రం విప్పడం లేదు. టైల్సు చల్లగా ఉంటాయి కదా.

జూన్ 14, శనివారం

అరిచాను. ఆవిడ మీద. అయిపోయింది.

జూన్ 15, ఆదివారం

నిన్నటిది రాస్తాను. ఇప్పుడు రాయగలను.

మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన కమ్ముకొచ్చింది. షాపు నుంచి తడుచుకుంటూ ఇంటికి వచ్చాను. హాలు కిటికీ బార్లా తెరిచి ఉంది. జల్లు నేరుగా లోపలికి కొడుతోంది. పై వరస పలకల చివరలు తడిసి నల్లగా అయిపోయాయి. ఆవిడ పక్క గదిలో కూర్చుని పేపర్లు దిద్దుతోంది. నాకు కళ్ళు కనిపించలేదు.

"కిటికీ మూయాలని తెలియదా నీకు? పక్కనే కూర్చున్నావు, వాన చప్పుడు కూడా వినిపించలేదా? పది రోజుల్నుంచి దీన్ని పసిపిల్లలా చూసుకుంటున్నాను, నీకు కాస్తయినా పట్టదా?"

అన్నీ అనేశాక నా గొంతు నాకు వినిపించింది. నీకు, కూర్చున్నావు, నీకు. మూడు నెలలు నోరు జారకుండా కాపాడుకున్న మర్యాదంతా ఒక్క వానకు కొట్టుకుపోయింది.

ఆవిడ లేచి వచ్చి కిటికీ మూసింది. "వినిపించలేదు" అంది. "వినిపిస్తే మూయనా? అరవకుండా ఆ తువ్వాలు ఇలా ఇవ్వండి." ఆవిడా గొంతు పెంచింది. ఒక్క మాట పడే మనిషి కాదని నాకు అప్పుడు తెలిసింది. ఇద్దరం ఎడమొహం పెడమొహంగా పలకలు తుడిచాం. తర్వాత నేను వెళ్ళి డైరీలో ఆ రెండు ముక్కలు రాసి, వరండాలో కూర్చున్నాను. తాళాల గుత్తి తీసుకుని వెళ్ళిపోతుంది అనుకున్నాను.

వెళ్ళలేదు. ఈ రోజు పొద్దున వంటగదిలో ఏదో కూనిరాగం తీస్తోంది. బాత్రూమ్‌లో నేను పాడే దానికంటే బాగుంది. నేను మెల్లగా వెళ్ళి నిలబడ్డాను.

"నిన్న నోరు జారాను, క్షమించండి."

"ఎందుకు?" అంది వెనక్కి తిరగకుండానే. "మూడు నెలల్నుంచి హోటల్లో ఉన్నట్టుంది నాకు. ఏమడిగినా మీ ఇష్టం, మీ ఇష్టం. హోటల్ వాళ్ళు కూడా అంత వినయంగా ఉండరు. నిన్న మొదటిసారి ఈ ఇంట్లో ఒక మనిషి గొంతు విన్నాను."

నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మీటరు పట్టుకుని చూస్తున్నాను.

"ఎవరైనా వెళ్ళగొట్టాలనుకుంటేనే అంత మర్యాదగా ఉంటారనుకున్నాను" అంది.

నేను ఉలిక్కిపడ్డాను. నేను వెళ్ళగొట్టడమా.

తడిసిన పలకల్లో ఒకటి వంగిపోయింది. మిగతావి బాగానే ఆరుతున్నాయి.

జూన్ 17, మంగళవారం

బడి నుంచి నేరుగా షాపుకు వచ్చింది. కళ్ళజోడు జారిపోతోందట. కస్టమరు కుర్చీలో కూర్చుంది. నేను కౌంటరు అవతల నిలబడి చిన్న స్క్రూడ్రైవరు తీశాను. కళ్ళజోడు లేకుండా ఆవిడకు నేను మసకగా కనిపిస్తాను. నా మొహం సరిగ్గా కనిపించదన్న ధైర్యంతో అనేశాను.

"ఆ గది వదిలెయ్."

ఆవిడ నా గొంతు వచ్చిన వైపు తల తిప్పింది.

"నీ ఇష్టం అని అనడం లేదు. నా ఇష్టం చెబుతున్నాను. నువ్వు ఇక్కడే ఉండాలి. ఇంటికి వెళ్ళేసరికి నీ పేపర్లు నా కుర్చీ మీద ఉండాలి. వాటిని తీసి నేను విసుక్కోవాలి. పెట్టెలు నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుకో, కానీ ఇక్కడే విప్పుకో. ఆ మిషను కూడా తెచ్చెయ్."

స్క్రూ ఎగిరి కింద ఎక్కడో పడింది. మోకాళ్ళ మీద కూర్చుని వెతుకుతున్నాను. పైనుంచి ఆవిడ గొంతు.

"ముందు స్క్రూ బిగించండి. నాకు ఏమీ కనిపించడం లేదు."

బిగించాను. పెట్టుకుని, నా మొహం బాగా చూసి, బ్యాగు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. అవునని అనలేదు, కాదని అనలేదు. కానీ నేను చెప్పేశాను. సాయంత్రం దాకా షాపులో ఈల వేస్తూనే ఉన్నాను. ఒకాయనకు దూరపు చూపు అద్దాలకు బదులు దగ్గరి చూపువి ఇచ్చి పంపించేశాను. రేపు తిట్టడానికి వస్తాడు. రానీ.

జూన్ 18, బుధవారం

జవాబు రాలేదు. అడగలేదు. తలుపు, చెక్క ఒకే అంకె చూపిస్తున్నాయి.

జూన్ 20, శుక్రవారం

నేల పని మొదలైంది. వడ్రంగి ఒక మనిషిని వెంట పెట్టుకుని ఈసారి చెప్పిన వేళకే వచ్చాడు, నాకు మీటరే తప్పుగా చూపిస్తోందేమోనని అనుమానం వచ్చింది.

గోడకు ఆనించి వేస్తారనుకున్నాను. కాదట, చుట్టూ వేలి మందం సందు వదులుతారు. ఎంత అలవాటు పడ్డా చెక్క వానాకాలంలో కొంచెం పెరుగుతుంది, దానికి చోటు ఉండాలి. సందు మీద చివర్లో బద్ద కొట్టి మూసేస్తారు. సందు సమానంగా ఉండటానికి గోడకీ చెక్కకీ మధ్య ఏదైనా పెట్టాలని చుట్టూ చూశాడు. టీచరు గారు బడికి వెళ్ళబోతూ స్కేళ్ళ పెట్టె తెచ్చి అతని ముందు పెట్టింది. "రెండేసి పెట్టండి, సరిపోతుంది. పని అయ్యాక అన్నీ నాకు తిరిగి ఇవ్వాలి" అంది. అతను "అలాగే టీచర్" అని చేతులు కట్టుకున్నాడు. ఏనుగు కథ ఆవిడకు చెప్పలేదు.

ఒక్కో పలక పక్క పలకలోకి దిగేటప్పుడు వచ్చే చప్పుడు ఉందే. నేను షాపు తెరవలేదు.

జూన్ 21, శనివారం

అయిపోయింది. ఎంత బాగుందో రాయను, రాస్తే దిష్టి తగులుతుంది. అంతటా పాత దుప్పట్లు పరిచాను. వడ్రంగిని కూడా దుప్పటి మీదే నడిపించాను. నేల మీద వెంట్రుకంత గీత పడినా ఊరుకునేది లేదని చెప్పాను, అక్కకు ఫోన్ చేసి మరీ చెప్పాను. అక్క ఇక్కడికి రావడమే లేదు, అయినా చెప్పాను.

టీచరు గారు వచ్చేసరికి దుప్పట్లన్నీ తీసేసి, దీపాలు వేసి, గోడ పక్కన నిలబడ్డాను. గుమ్మంలో ఆగిపోయింది. చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"నడువు" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "రేపు నడుస్తాను."

వెనక వరండా వైపు నుంచి లోపలికి వెళ్ళింది, చెప్పులతోనే.

అలసిపోయి ఉంటుంది. బళ్ళు తెరిచిన కొత్త కదా. రేపు ఆదివారం. ఇరవై రెండో తారీకు.

జూన్ 22, ఆదివారం

లేచేసరికి ఇంట్లో లేదు. మేకుకు తాళాల గుత్తి లేదు. టీ పెట్టుకున్నాను, తాగలేదు. నేల మీద మూల నుంచి మూలకు నడిచాను. నేల కిర్రుమనలేదు. అంత మంచి నేల మీద ఒక్కడినే నడుస్తుంటే ఏడుపొచ్చింది. సిగ్గేముంది, ఇందులో ఎవరు చూస్తారు. గది ఉంచుకుంటానని చెప్పడానికే వెళ్ళింది, మొహమాటానికి నాతో చెప్పలేకపోయింది అనుకున్నాను. పక్క గదిలోకి వెళ్ళి మూసి ఉన్న పెట్టెల మధ్య కూర్చున్నాను.

బయట ఆటో ఆగింది. హారను. మళ్ళీ హారను.

"ఏం చేస్తున్నారు లోపల? రండి, నేనొక్కదాన్నీ మోయలేను."

ఆటో వెనక సీట్లో, ఇనుప కాళ్ళు బయటికి చాపి, కుట్టుమిషను. పక్కన సందులో ఇరుక్కుని టీచరు గారు, ఒళ్ళో మిషను మూత.

"తాళం ఓనరమ్మకు ఇచ్చేశాను" అంది. "నిన్ననే నడిస్తే ఆ తాళం చేతిలో పెట్టుకుని నడిచినట్టుండేది. అందుకే నడవలేదు."

ఇంకా ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. మిషను దించాను, ఆటో అతను ఒక చెయ్యి వేశాడు, గుమ్మం దాటించాం. అతను వెళ్ళిపోయాడు. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుంది, అక్కడ పెట్టాలి అన్న ఒక్క ఆలోచన తప్ప నా బుర్రలో ఏమీ లేదు. రెండు చేతులా పట్టుకుని లాగాను. గుమ్మం నుంచి కిటికీ దాకా ఒక్క ఊపున.

"ఎత్తండి, ఎత్తండి, చక్రం లే..."

అప్పటికే అయిపోయింది. చక్రం లేని కాలు హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా ఒక గీత గీసింది. గోరు పెడితే దిగేంత లోతు. నేల వేసి ఇంకా పూర్తిగా ఒక రోజు కాలేదు.

ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గీత వైపు చూశాను. గీత వైపు, మిషను వైపు, మళ్ళీ గీత వైపు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ నేల మీదే కూర్చుండిపోయాను.

ఆవిడ గుమ్మం దగ్గరే చెప్పులు విప్పింది. పక్కపక్కన సరిగ్గా పెట్టింది. ఒట్టి కాళ్ళతో ఆ గీత వెంటే నడిచి వచ్చి, పెట్టెలోంచి ఒక స్కేలు తీసి, గీత పక్కన ఆనించి చూసింది.

"స్కేలు లేకుండా ఇంత తిన్నగా గీశారు" అంది. "ఫరవాలేదు, పాసయ్యారు."

వడ్రంగికి ఫోన్ చేస్తే రుద్ది పాలిష్ పెట్టేస్తానన్నాడు. అక్కర్లేదన్నాను. మతిపోయిందా సార్ అన్నాడు.

మిగతా పెట్టెలు సాయంత్రం దాకా విప్పుతూనే ఉన్నాం. ఇంత సామాను ఎక్కడ పెడతావని విసుక్కున్నాను కూడా.

జూన్ 23, సోమవారం

విశేషాలేమీ లేవు. మామూలే.